అణగారిన వర్గాలకు ఆన్‌లైన్‌లో చోటు: ఏ వేదిక ఎవరికి సరిపోతుంది?

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసమో, వైకల్యం ఉన్నవారి కోసమో, కులం, జాతి, మతం కారణంగా వివక్షను ఎదుర్కొంటున్నవారి కోసమో ఆన్‌లైన్‌లో ఒక చోటు ఏర్పాటు చేయాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగేది ‘ఫేస్‌బుక్ గ్రూపు పెడదామా, వాట్సాప్ గ్రూపు పెడదామా’ అని. దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: చేరబోయే సభ్యులు దేనికి ఎక్కువగా భయపడుతున్నారు? తమ సంగతి ఇంట్లోవారికో పనిచేసేచోటో తెలిసిపోతుందన్న భయం కొందరిది. ఎవరెవరో వచ్చి నోటికొచ్చినట్టు తిడతారన్న భయం మరికొందరిది. తమలాంటివారు అసలు ఎక్కడున్నారో తెలియని ఒంటరితనం ఇంకొందరిది. ఈ మూడింటికీ ఒకే వేదిక మందు కాదు. పరాయివారి కంట పడని చోటు, వెతుక్కుంటూ వచ్చే తనవారి కంట కూడా పడదు గనుక, మొదటి భయానికి బాగా పనిచేసేది మూడో బాధకు సాధారణంగా పనికిరాదు.

కొన్నేళ్లుగా ఇలాంటి గ్రూపులను చూసుకునే పనిలో ఉన్నందువల్ల, సదుపాయాల జాబితా చూసి వేదికను ఎంచుకోవడం ఎంత సులభంగా దారి తప్పిస్తుందో గమనించాను. అందుకే ముందు కొలమానాలు, ఆ తరువాతే వేదికలు.

## ఏం చూసి ఎంచుకోవాలి

పేరు. సభ్యులు తాము ఎంచుకున్న పేరుతో ఉండగలరా అన్నది మొదటి పరీక్ష. ఇంట్లో ఒక పేరు, తనవారి మధ్య మరొక పేరు ఉన్న మనిషికి ‘అసలు పేరు’ నిబంధన తలుపు దగ్గరే అడ్డుపడుతుంది. గూగుల్ ప్లస్ 2011లో అలాంటి నిబంధనతో మొదలై, తీవ్రమైన వ్యతిరేకత తరువాత 2014లో దాన్ని ఎత్తివేసింది. అదే 2014లో ఒకే ఒక్క వ్యక్తి వందల కొద్దీ డ్రాగ్ కళాకారుల (వేరే లింగపు వేషధారణతో ప్రదర్శనలిచ్చేవారి) ఖాతాలను ‘నకిలీ పేర్లు’ అంటూ రిపోర్ట్ చేయగా ఫేస్‌బుక్ వాటిని నిలిపివేసింది. అక్టోబరులో ఆ సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. అమెరికా ఆదివాసుల సంప్రదాయ పేర్లను కూడా అదే నిబంధన నమ్మలేదు. నకిలీలను ఆపడానికి పెట్టిన నియమం వేధించేవారి చేతిలో ఆయుధంగా మారిందన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి.

కనబడే తీరు. పోస్టు ఎవరికి కనబడుతుందన్నది అందరూ చూస్తారు. ఫోన్ నంబరు, సభ్యుల జాబితా, ఏ ఏ గ్రూపుల్లో ఉన్నారన్న సమాచారం ఎవరికి కనబడుతుందన్నది చాలామంది చూడరు. నిజానికి ఎక్కువ నష్టం జరిగేది ఈ రెండోదాని వల్లే. ఒక మనిషి ఒక్క మాటైనా రాయకపోయినా, ఫలానా గ్రూపు సభ్యుల జాబితాలో ఆ పేరు ఉందన్నదే బయటివారికి చాలు.

వేధింపు జరిగినప్పుడు ఎవరు కదులుతారు. నా దృష్టిలో అన్నిటికంటే బరువైన కొలమానం ఇదే. రాత్రి పదకొండు గంటలకు ఒక సభ్యురాలి ఫొటో కింద బూతు వ్యాఖ్య పడిందనుకోండి. పెద్ద వేదికలో ఆమె రిపోర్ట్ నొక్కితే అది ఆమె భాష సరిగా తెలియని యంత్రం ముందుకో, ఆమె సందర్భం తెలియని ఉద్యోగి ముందుకో వెళ్తుంది. ‘ఇది మా నిబంధనలను ఉల్లంఘించలేదు’ అన్న జవాబు ఎప్పుడో వస్తుంది. మనవాళ్లే మోడరేటర్లుగా, అంటే గ్రూపును కనిపెట్టుకుని తప్పుడు పోస్టులు తొలగించేవారుగా ఉన్న చోట, వారు మేలుకుని ఉంటే రెండు నిమిషాల్లో ఆ వ్యాఖ్య పోతుంది. నిద్రపోతే తెల్లవారేదాకా ఉంటుంది. రెండింటిలోనూ లోటు ఉంది, కానీ రెండో లోటును మనం సరిదిద్దుకోగలం.

పెద్ద వేదికల నియమాలు సదుద్దేశంతో రాసినవైనా ఎంతగా బెడిసికొట్టగలవో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 2017లో బయటపడిన ఫేస్‌బుక్ శిక్షణ పత్రాల ప్రకారం ‘తెల్లజాతి పురుషులు’ ద్వేషపూరిత పోస్టుల నుంచి రక్షణ ఉన్న వర్గం, ‘నల్లజాతి పిల్లలు’ రక్షణ లేని వర్గం. జాతి, లింగం రక్షిత లక్షణాలే గాని వయసు కాదు గనుక, రెండో మాటలో రక్షణ కరిగిపోయిందన్నది అక్కడి తర్కం. 2019 చివర్లో తెలిసిన మరొక సంగతి: వైకల్యం ఉన్నవారు, స్వలింగ సంపర్కులు ఎగతాళికి గురవుతారన్న కారణం చెప్పి టిక్‌టాక్ మోడరేటర్లు వారి వీడియోలు ఎక్కువమందికి చేరకుండా చేశారు, ఆ సంస్థ దాన్ని ఒప్పుకుంది కూడా. తిట్టేవాణ్ణి ఆపడానికి బదులు తిట్టు తినేవారిని దాచిపెట్టడం రక్షణ అనిపించుకోదు. యంత్రాలతో వచ్చే ఇబ్బంది వేరు. ద్వేష భాషను పసిగట్టే విధానాలు నల్లజాతి అమెరికన్ల మాటతీరును తప్పుగా ‘అభ్యంతరకరం’ అని గుర్తించే అవకాశం ఎక్కువని 2019లో వచ్చిన పరిశోధన తేల్చింది. ఒకప్పుడు తిట్టుగా వాడిన మాటను ఒక సమూహం తనదిగా చేసుకుని గర్వంగా వాడుకుంటున్నప్పుడు, ఆ తేడా యంత్రానికి అందదు.

అందుబాటు. చూపు లేని సభ్యురాలు ఫోన్‌లో, తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో గ్రూపు తెరుస్తుంది. సమావేశం తేదీ, సమయం, లింకు అన్నీ ఒక రంగురంగుల పోస్టర్ మీద ఉన్నాయి. ఆమె చెవికి వినబడేది ‘చిత్రం’ అన్న ఒక్క మాట. వేలు ముందుకు జరుగుతుంది, సమావేశం సంగతి ఆమెకు తెలియకుండానే పోతుంది. చిత్రానికి వివరణ రాసే వీలు, వీడియోకు అక్షరాల పట్టీ, మౌస్ లేకుండా కీబోర్డుతోనే తిరగగలగడం, అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కనీసం 4.5:1 వ్యత్యాసం (కాంట్రాస్ట్) వంటివి, వెబ్ అందరికీ అందుబాటులో ఉండేందుకు రూపొందించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో ఉన్నాయి, వాటి 2.2 రూపం 2023 అక్టోబరులో వచ్చింది. వేదిక ఈ సదుపాయం ఇచ్చినంత మాత్రాన సరిపోదు, మన గ్రూపు వాటిని వాడే అలవాటు చేసుకోవాలి.

విడిచి వెళ్లగలగడం. ఈ రోజు మంచిగా ఉన్న నియమం రేపు ఉండకపోవచ్చు. ట్విట్టర్ 2018లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను కావాలని తప్పుడు లింగంతో, పాత పేరుతో పిలవడాన్ని నిషేధించింది. 2023 ఏప్రిల్‌లో ఆ వాక్యాన్ని తీసేసింది. ఎక్స్‌గా పేరు మారిన అదే వేదికలో 2024 నవంబరులో, మనం బ్లాక్ చేసినవారు కూడా మన బహిరంగ పోస్టులను చదవగలిగేలా మార్పు వచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని మెటా 2025 జనవరిలో ద్వేష ప్రవర్తనకు సంబంధించిన నియమాలను సడలించింది. సభ్యుల జాబితా, పాత సంభాషణలు వెంట తీసుకువెళ్లే దారి ఉందా లేదా అన్నది చేరే ముందే తెలుసుకోవాలి.

## వేదికలు ఒక్కొక్కటిగా

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ వంటి పెద్ద వేదికలు

వీటి బలం ఒక్కటే, కానీ అది చాలా పెద్దది: జనం ఇప్పటికే అక్కడున్నారు. ఎక్కడో ఒంటరిగా ఉన్న పదిహేడేళ్ల పిల్లవాడు తనలాంటివారి కోసం వెతికేటప్పుడు మొదట వెతికేది ఇక్కడే. చిత్ర వివరణలు, వీడియో అక్షరాల వంటి అందుబాటు సదుపాయాలు కూడా ఇక్కడ ఉన్నాయి.

నష్టం ఏమిటంటే, మన గ్రూపు తలుపు మన చేతిలో ఉన్నా భవనం మనది కాదు. ఫేస్‌బుక్‌లో గ్రూపును ప్రైవేటుగా, వెతికినా దొరకకుండా పెట్టుకోవచ్చు, చేరేముందు ప్రశ్నలు అడగవచ్చు. అయినా సభ్యుడు అక్కడికి వచ్చేది బంధువులు, సహోద్యోగులు అందరూ ఉన్న అదే ఖాతాతో. పైగా వేధింపు నుంచి కాపాడుకునేందుకు బయటివారు తయారుచేసే పనిముట్లు కూడా వేదిక అనుమతి మీదే బతుకుతాయి. ట్విట్టర్‌లో వేధించేవారిని గంపగుత్తగా వడకట్టిన బ్లాక్ పార్టీ అన్న సేవ, 2023లో బయటి సేవలు వాడుకునే తన సమాచార ద్వారాల (ఏపీఐ) ధరను ఆ వేదిక పెంచడంతో ఆగిపోయింది. దాన్ని నమ్ముకున్నవారికి రాత్రికి రాత్రి కవచం పోయింది.

వాట్సాప్, సిగ్నల్, టెలిగ్రామ్ గ్రూపులు

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం పెద్ద పొరపాటు. వాట్సాప్‌లో సందేశాలు పంపినవారికి, అందుకున్నవారికి తప్ప మధ్యలో ఎవరికీ చదవరాకుండా గుప్తీకరణతో వెళ్తాయి, అది మంచిదే. కానీ సాధారణ గ్రూపులో చేరగానే మన ఫోన్ నంబరు తోటి సభ్యులందరికీ కనబడుతుంది. వెయ్యిమందికి పైగా పట్టే గ్రూపులో వారందరినీ నమ్మగలమా? సందేశం మూడోవాడికి దొరకకుండా ఎంత గట్టి తాళం వేసినా, నంబరు ఉన్నవాడు అర్ధరాత్రి నేరుగా ఫోన్ చేయగలడు. నేను చూసిన ఒక గ్రూపులో సరిగ్గా ఇదే జరిగింది. ఆ సభ్యురాలు నంబరు మార్చుకుని మళ్లీ ఏ గ్రూపులోనూ చేరలేదు. ఎవరుపడితే వారు మనల్ని గ్రూపులో చేర్చకుండా ఆపే అమరిక వాట్సాప్‌లో 2019 నుంచి ఉంది. ప్రతి కొత్త సభ్యుడికీ దాన్ని మార్చుకోమని చెప్పాలి.

సిగ్నల్ 2024లో వాడుకరి పేర్లను ప్రవేశపెట్టి, మన నంబరు ముందే తెలియనివారికి అది కనబడకుండా చేసింది. ఖాతా తెరవడానికి నంబరు ఇంకా కావాలి, గ్రూపు పరిమితి వెయ్యి. గుర్తింపు బయటపడటమే ప్రధాన భయమైనవారికి ఈ జాబితాలో నేను ముందుగా చెప్పేది ఇదే. టెలిగ్రామ్‌లో రెండు లక్షలమంది దాకా పడతారు, వాడుకరి పేరుతోనే ఉండవచ్చు. అయితే గ్రూపు సంభాషణలకు అక్కడ పూర్తి స్థాయి గుప్తీకరణ లేదు, అది ఇద్దరి మధ్య జరిగే రహస్య సంభాషణకే పరిమితం. రహస్యమని నమ్మి టెలిగ్రామ్ గ్రూపులో మనసు విప్పేవారికి ఈ తేడా తెలియకపోతే ప్రమాదం.

మూడింటికీ ఉమ్మడి లోటు: మాటల ప్రవాహం. నిన్నటి మంచి సలహా ఈ రోజు వందల సందేశాల కింద పూడుకుపోతుంది, నెమ్మదిగా చదివేవారు, స్క్రీన్ రీడర్ వాడేవారు వెనుకబడిపోతారు.

డిస్కార్డ్

ఇక్కడ ఒక్కో సమూహానికి ఉండే చోటును ‘సర్వర్’ అంటారు. దాన్ని గదులుగా విడగొట్టుకోవచ్చు, ఎవరికి ఏ గది కనబడాలో పాత్రల వారీగా నిర్ణయించవచ్చు, ఫలానా మాటలున్న సందేశాలను ముందే ఆపే ఏర్పాటు ఉంది. తన సర్వనామాన్ని (అతడు, ఆమె వంటివి), పేరును ఒక్కో సర్వర్‌కు ఒక్కోలా పెట్టుకునే వీలు ట్రాన్స్‌జెండర్ సభ్యులకు నిజంగా ఉపయోగపడుతుంది. అయితే ఇద్దరు వాడుకరులు ఉమ్మడిగా ఏ సర్వర్లలో ఉన్నారో ప్రొఫైల్‌లో కనబడుతుంది; ఆటల సర్వర్‌కూ ఈ గ్రూపుకూ వేర్వేరు ఖాతాలు వాడమని చెప్పడం మంచిది. కొత్తవారికి, పెద్దవయసువారికి తెర గజిబిజిగా ఉంటుంది.

మాస్టడాన్, బ్లూస్కై

ఈ రెండూ ఎక్స్‌లా చిన్న చిన్న పోస్టులు పెట్టుకునే వేదికలు. 2016లో మొదలైన మాస్టడాన్ ఒకే సంస్థ చేతిలో లేదు. వేలకొద్దీ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ప్రతి సర్వర్ తన నియమాలు తానే రాసుకుంటుంది, ద్వేషాన్ని పోషించే సర్వర్‌ను మొత్తంగా బయట పెట్టగలదు. తీవ్ర మితవాదులు ఎక్కువగా చేరిన గ్యాబ్ అన్న వేదిక 2019లో ఈ సాఫ్ట్‌వేర్‌కు మారినప్పుడు చాలా సర్వర్లు దాన్ని అలాగే వెలివేశాయి. సమూహానికి సొంత తలుపు, దాంతోపాటు బయటి లోకంతో సంబంధం రెండూ కావాలనుకునేవారికి ఇది సహజమైన దారి.

అయినా దీన్ని స్వర్గంగా చూపించడం అన్యాయం. 2022 చివర్లో పెద్దసంఖ్యలో వచ్చిన నల్లజాతి వాడుకరులలో చాలామంది, జాతివివక్ష గురించి తాము రాసిన పోస్టులకు, నొక్కితేనే తెరుచుకునే ‘హెచ్చరిక’ ముసుగు వేయమని అక్కడి పాతవారు ఒత్తిడి చేశారని చెప్పారు. ఇతరుల ప్రశాంతత కోసం పెట్టిన మంచి అలవాటే బాధితుడి నోరు మూయించే సాధనమైంది. మాస్టడాన్‌లో ఖాతా మారితే అనుచరులు వెంట వస్తారు, పాత పోస్టులు రావు. ఒకరికొకరు నేరుగా పంపుకునే సందేశాలు గుప్తీకరణ లేనివి, సర్వర్ నిర్వాహకుడు సాంకేతికంగా చదవగలడు. ఇంకొక విషయం, చిన్నదిగా కనబడేది: చిరునామా. ఎల్‌జీబీటీ వాడుకరులున్న క్వీర్ డాట్ ఏఎఫ్ సర్వర్ చిరునామా ఆఫ్ఘనిస్తాన్ దేశపు కొసపేరు (చిరునామా చివర వచ్చే ‘ఏఎఫ్’) కింద ఉండేది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వ శాఖ దాన్ని నిలిపివేసింది. వినడానికి అందంగా ఉందని దేశపు కొసపేరు తీసుకునే ముందు, ఆ దేశంలో ఎవరు పాలిస్తున్నారో చూడండి.

బ్లూస్కై 2024 ఫిబ్రవరిలో ఆహ్వానం అవసరం లేకుండా అందరికీ తెరుచుకుంది. దాని కొత్తదనం ఏమిటంటే, వేదిక మోడరేషన్ మీద ఒక సమూహం తన సొంత మోడరేషన్‌ను కలుపుకోవచ్చు; నల్లజాతి వాడుకరుల కోసం నడిచే బ్లాక్‌స్కై దీన్ని ఫీడ్‌తో (ఏరికూర్చిన పోస్టుల వరుసతో), మోడరేషన్ సేవతో చేసి చూపించింది. మన పోస్టును ఉటంకించి ఎగతాళి చేసినవారి పోస్టు నుంచి దాన్ని విడదీసుకునే వీలు కూడా ఉంది. కానీ పోస్టులన్నీ బహిరంగం, ఎవరు ఎవరిని బ్లాక్ చేశారన్నది సైతం బహిరంగం. తమ గొంతు లోకానికి వినిపించాలనుకునేవారికి ఇది సరిపోతుంది, దాక్కోవలసిన అవసరం ఉన్నవారికి కాదు.

సొంత చర్చావేదిక

డిస్కోర్స్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో మన సర్వర్ మీదే చర్చావేదిక పెట్టుకుంటే పేరు, నియమం, సమాచారం అన్నీ మన చేతిలో ఉంటాయి. అంచెలంచెలుగా నమ్మకాన్ని బట్టి కొత్తవారికి అధికారాలు ఇచ్చే పద్ధతి అందులో ముందే ఉంది. సాఫ్ట్‌వేర్‌ను తాజాగా ఉంచడం, నకలు తీసిపెట్టడం, చెత్త సందేశాలను ఏరడం ఎవరో ఒకరు క్రమం తప్పకుండా చేయాలి. ఆ ఒకరు ఒక్కరే అయితే దీని జోలికి వెళ్లవద్దని నా సలహా.

## ఒక చూపులో

| వేదిక | మారుపేరుతో ఉండటం | గుర్తింపు దాగడం | నియమాలు ఎవరివి | తనవారికి దొరకడం | వెళ్లిపోవడం |
|---|---|---|---|---|---|
| ఫేస్‌బుక్ గ్రూపు | కష్టం | తక్కువ | సంస్థవి, వాటి కింద మనవి | చాలా సులభం | కష్టం |
| వాట్సాప్ | పేరు మార్చవచ్చు, నంబరు కనబడుతుంది | తక్కువ | ఎక్కువగా మనవి | పరిచయాల ద్వారానే | ఓ మోస్తరు |
| సిగ్నల్ | సులభం | ఎక్కువ | ఎక్కువగా మనవి | కష్టం | ఓ మోస్తరు |
| డిస్కార్డ్ | సులభం | మధ్యస్థం | సంస్థవి, వాటి కింద మనవి | మధ్యస్థం | కష్టం |
| మాస్టడాన్ | సులభం | మధ్యస్థం | సర్వర్‌వి | మధ్యస్థం | కొంతవరకు |
| బ్లూస్కై | సులభం | తక్కువ | సంస్థవి, పైన మనవి కలుపుకోవచ్చు | సులభం | కొంతవరకు |
| సొంత వేదిక | పూర్తిగా మన ఇష్టం | మన జాగ్రత్తను బట్టి | మనవే | కష్టం | పూర్తిగా మన చేతిలో |

## ఎవరికి ఏది

బయటపడితే ఇంటినుంచి గెంటేసే ప్రమాదమో, ప్రాణభయమో ఉన్నవారి కోసమైతే చిన్న సిగ్నల్ గ్రూపు, అదీ ఒకరు పూచీ పడితేనే చేరేలా పెట్టండి. మూడు వందలమందిని చేర్చాలన్న ఉత్సాహాన్ని ఇక్కడ అణచుకోవాలి. స్క్రీన్‌షాట్‌ను ఏ సాంకేతికతా పూర్తిగా ఆపలేదు, సభ్యుల సంఖ్య పెరిగేకొద్దీ ఆ చేతుల సంఖ్యా పెరుగుతుంది.

వైకల్యం ఉన్నవారి పరస్పర సహాయ బృందమైతే పాత సమాధానాలు వెతికితే దొరకడం ముఖ్యం. కాబట్టి సొంత చర్చావేదికో, లేదంటే సాంకేతిక బలం లేనప్పుడు ఫేస్‌బుక్ ప్రైవేటు గ్రూపో మేలు. తెర రూపాన్ని తరచూ మార్చే వేదికలకు దూరంగా ఉండండి. అల్లికదారులు వాడే రావెల్రీ అన్న వెబ్‌సైటు 2020లో రూపం మార్చినప్పుడు కొందరు సభ్యులు తలనొప్పులు, మూర్ఛలు వచ్చాయని ఫిర్యాదు చేశారు. రూపకర్తకు ‘తాజాదనం’ అనిపించేది మరొకరి శరీరానికి భారం కావచ్చు.

హక్కుల కోసం గొంతెత్తే సంఘానికి రెండు చోట్లు కావాలి. బయటికి మాట్లాడటానికి ఒక బహిరంగ ఖాతా, లోపల అలసట తీర్చుకోవడానికి, వ్యూహం మాట్లాడుకోవడానికి ఒక మూసిన గది. రెండింటినీ ఒకే గ్రూపులో నడపాలని చూసిన సంఘాల్లో, వార్త కోసం వచ్చినవారి ముందు కన్నీళ్లు పెట్టుకోవలసిన ఇబ్బంది సభ్యులకు ఎదురవడం నేను చూశాను.

తనవారిని ఇంకా వెతుక్కుంటున్న యువతకు మాత్రం పెద్ద వేదికల్లో ఒక తలుపు తెరిచి ఉంచక తప్పదు. అక్కడ పేజీ పెట్టండి, సంభాషణను మాత్రం అక్కడ జరపకండి. వచ్చినవారితో ఒక మోడరేటర్ విడిగా మాట్లాడి లోపలికి తీసుకువెళ్లాలి. అప్పుడు గుర్తింపుకు రుజువు అడగవద్దు. ‘నువ్వు నిజంగా ఫలానావాడివేనా’ అన్న ప్రశ్నను వారు బయట రోజూ వింటూనే ఉంటారు. ఎందుకు చేరాలనుకుంటున్నారో రెండు వాక్యాల్లో చెప్పమనడం చాలు. వేధించడానికి వచ్చేవారిలో చాలామంది ఆ రెండు వాక్యాల దగ్గరే తేలిపోతారు.

## ఎంచుకున్న తరువాత, తెరిచే ముందు

ఏ వేదికైనా కనీసం ముగ్గురు మోడరేటర్లు, వారిలో ఎక్కువమంది ఆ సమూహం నుంచే వచ్చినవారు అయి ఉండాలి. ఒక్కరే అయితే ఆరు నెలల్లో అలసిపోతారు, ఎందుకంటే తమను గాయపరిచే మాటలనే వారు రోజూ చదివి తొలగించాలి. నియమాలు ‘మర్యాదగా ఉండండి’ అని కాక, ఏం చేస్తే ఏం జరుగుతుందో చెప్పేలా రాయండి: ఒకరి పాత పేరు బయటపెడితే హెచ్చరిక లేకుండా తొలగింపు, కులం పేరుతో చేసే హాస్యానికి ఒక్క హెచ్చరిక, రిపోర్టుకు ఎన్ని గంటల్లో జవాబు ఇస్తారన్నది. మర్యాద అన్న ఒక్క మాటనే నమ్ముకుంటే, కోపంగా మాట్లాడిన బాధితుడు దోషిగా, నవ్వుతూ అవమానించినవాడు మర్యాదస్తుడిగా తేలతాడు.

తెరవడానికి వారం ముందు ఐదుగురిని లోపలికి పంపండి: స్క్రీన్ రీడర్ వాడే ఒకరు, మారుపేరుతో చేరే ఒకరు, పాత ఫోన్, నెమ్మది నెట్ ఉన్న ఒకరు, ఇలాంటి వేదికలకు పూర్తిగా కొత్తవారు ఒకరు, వేధించేవాడి పాత్ర పోషించడానికి ఒప్పుకున్న మోడరేటర్ ఒకరు. మొదటి నలుగురు ఎక్కడ ఆగిపోయారో, ఐదోవారి తిట్టు తొలగడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఆ కాగితం మీద ఉన్నవి సరిచేశాకే ఆహ్వానాలు పంపండి. సరిచేయడానికి వేదిక ఒప్పుకోకపోతే, మీరు రెండోస్థానంలో పెట్టుకున్న వేదికతో ఇదే పరీక్ష మళ్లీ చేయండి.